టెలికాం వ్యాపారంలో రాజకీయ, భద్రతా ముప్పుల అంచనా: దేశాలకు మార్కులు వేయడంతో సరిపోతుందా?

మూసీతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక టెలికాం మౌలిక సదుపాయాల సంస్థలో ముప్పుల అంచనా చూసే చిన్న విభాగంలో పనిచేస్తున్నాను. విదేశాల్లోని మొబైల్ ఆపరేటర్లకు టవర్లు కట్టి, వాటి నిర్వహణ చూడటం మా సంస్థ పని. తూర్పు ఆఫ్రికాలో ఒక దేశంలోనూ, దక్షిణాసియాలో మరో దేశంలోనూ కొత్త ఒప్పందాలు కుదుర్చుకోవాలని యాజమాన్యం అనుకుంటోంది. వచ్చే మూడేళ్లలో ఆ రెండు చోట్లా రాజకీయంగా, భద్రతాపరంగా ఏం జరగవచ్చో అంచనా వేసి నివేదిక ఇవ్వమన్నారు.

ఇప్పటివరకు మా పద్ధతి ఏమిటంటే, చందా కట్టి ఒక బయటి సంస్థ నుంచి తెప్పించుకునే పట్టికలో ప్రతి దేశానికీ ఉన్న మార్కులను తీసుకుని, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి బోర్డు సమావేశంలో చూపించడం. అందరూ చూస్తారు, ఒకరిద్దరు ప్రశ్నలు అడుగుతారు, ఆ తర్వాత ముందే అనుకున్న నిర్ణయమే అమలవుతుంది. రంగు మారినందువల్ల ఒక ఒప్పందంలో ఒక్క షరతైనా మారిన సందర్భం నాకు కనిపించలేదు.

మయన్మార్ ఉదాహరణ నన్ను మరింత ఆలోచనలో పడేసింది. నార్వేకు చెందిన టెలినార్ 2013లో అక్కడ లైసెన్సు గెలుచుకుంది. దశాబ్దాల పాటు సైన్యం ఏలిన దేశమని, ఆ సైన్యం మళ్లీ రావచ్చని ఆనాడు తెలియనివారు లేరు. తెలిసి కూడా 2021లో ఆ సంస్థ అంత నష్టంతో బయటపడాల్సి వచ్చిందంటే, తెలుసుకోవాల్సిన విషయం వేరే ఏదో ఉందనిపిస్తోంది. అసలు మనం దేనిని అంచనా వేయాలి? ఎంత ముందుకు చూడగలం? సంభావ్యతను శాతాల్లో చెప్పడం వల్ల ప్రయోజనం ఉందా, లేక అది లెక్కల ముసుగు వేసిన ఊహేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సింగపూర్ ప్రవాసి

మూసీతీరం గారూ, మీరు మయన్మార్‌ను ప్రస్తావించారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆగ్నేయాసియాలో ఆపరేటర్ల తరఫున లైసెన్సు వ్యవహారాలు, నియంత్రణ సంస్థలతో సంప్రదింపులు చాలాకాలం చూశాను. టెలినార్‌లో మాత్రం ఎన్నడూ పనిచేయలేదు. కింద చెప్పేవన్నీ బహిరంగంగా వెల్లడైన విషయాలే.

సైనిక తిరుగుబాటు వస్తుందా రాదా అన్నది ఆ వ్యవహారంలో కీలకమైన ప్రశ్న కాదని నా గట్టి నమ్మకం. 2020 నవంబరు 8న ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితాలో అక్రమాలు జరిగాయని సైన్యం పట్టుబట్టింది. 2021 జనవరి చివరి వారంలో సైన్యం ప్రతినిధిని విలేకరులు సూటిగా అడిగినప్పుడు, తిరుగుబాటు జరగదని ఆయన హామీ ఇవ్వలేదు. కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన ఫిబ్రవరి 1నే అధికారం సైన్యం చేతిలోకి పోయింది. ఆ వారం ముందు మీరు తిరుగుబాటుకు నూటికి 20 అవకాశమని చెప్పినా, 40 అని చెప్పినా, దాదాపు కోటీ ఎనభై లక్షల మంది చందాదారులున్న సంస్థ ఆ ఏడు రోజుల్లో చేయగలిగేది ఏమీ లేదు. టవర్లను పీకి ఓడకెక్కించలేరు కదా.

నష్టం ఏ దారిన వచ్చిందో చూడండి. ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్‌ను ఆపమని ఆదేశం వచ్చింది. మరునాడు ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ వంతు వచ్చింది. 6న దేశమంతటా ఇంటర్నెట్టే ఆగిపోయింది. నెల మధ్య నుంచి రాత్రి 1 గంట మొదలు ఉదయం 9 దాకా ప్రతి రోజూ నిలిపివేత మొదలైంది. మార్చి మధ్యలో మొబైల్ డేటా పూర్తిగా పోయింది. తనకు అందిన ప్రతి ఆదేశాన్నీ అప్పటివరకు తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తూ వచ్చిన టెలినార్, ఇక ప్రకటించడం సాధ్యం కాదని ఫిబ్రవరి 14న చెప్పింది. నా దృష్టిలో ఆ రోజే ఆ వ్యాపారం స్వభావం మారిపోయింది. చందాదారుడికి తన ఫోను ఎందుకు మూగబోయిందో చెప్పే స్వేచ్ఛ కూడా ఆపరేటరుకు లేకుండా పోయింది.

ఆదాయం తగ్గడం ఒక ఎత్తు, ఆ తర్వాత వచ్చింది మరో ఎత్తు. చందాదారుల సంభాషణలను వినగలిగే నిఘా పరికరాలను పనిచేయించమని సైనిక పాలకుల నుంచి ఒత్తిడి పెరిగింది. అది చేస్తే ఐరోపా ఆంక్షలను ఉల్లంఘించినట్లవుతుంది, చేయకపోతే స్థానిక సిబ్బందికి ప్రమాదం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 2021 మే నెలలో టెలినార్ తన మయన్మార్ వ్యాపారం విలువను పూర్తిగా రద్దు చేసి 650 కోట్ల నార్వే క్రోనర్ల నష్టం చూపించింది. జులై 8న లెబనాన్‌కు చెందిన ఎం1 గ్రూపుకు 10.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నామని ప్రకటించింది. అప్పుడు కూడా చేతులు దులుపుకుని వెళ్లనివ్వలేదు. స్థానిక భాగస్వామి ఉండాలని పట్టుబట్టడంతో, ష్వే బ్యైన్ ఫ్యూ అనే స్థానిక సంస్థకు అధిక వాటా దక్కేలా ఏర్పాటయ్యాకే, 2022 మార్చిలో లావాదేవీ ముగిసింది. ఆ నెట్‌వర్క్‌తో పాటు చందాదారుల కాల్ వివరాలు కూడా కొత్త యజమాని చేతికి వెళతాయని అక్కడి పౌర సంఘాలు ఎంతగా మొత్తుకున్నాయో నాకింకా గుర్తుంది. ఆ ఆందోళన పూర్తిగా న్యాయమైనదే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఇందులో ముందే అంచనా వేయగలిగినది ఏమైనా ఉందా? ఉంది. 2013 నాటి మయన్మార్ టెలికాం చట్టంలోని 77వ సెక్షన్, అత్యవసర పరిస్థితి పేరిట ఏ టెలికాం సేవనైనా ఆపమని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. దానిని తిరుగుబాటుకు చాలా ముందే, ఎన్నికైన ప్రభుత్వం ఉండగానే వాడారు. 2019 జూన్ 21న రఖైన్, చిన్ రాష్ట్రాల్లోని 9 పట్టణ మండలాల్లో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. ఆదేశం అందిందని టెలినార్ ఆ రోజే ప్రకటించింది. అంటే తిరుగుబాటుకు ఏడాదిన్నర ముందే, ఆదేశం ఏ మంత్రిత్వ శాఖ నుంచి వస్తుంది, ఏ సెక్షన్ చూపిస్తుంది, ఎంత వ్యవధి ఇస్తుంది, గడువు చెబుతుందా లేదా, దానిని బయటపెట్టనిస్తారా అన్నవన్నీ అనుభవంలోకి వచ్చాయి. చట్టంలో మీట ఉంది, దానిని ఒకసారి నొక్కి చూశారు, అడ్డుకోగల కోర్టు లేదు. ఈ మూడూ కలిసినచోట, మీటను నొక్కే చేయి ఎవరిదన్నది రెండో విషయం.

కాబట్టి ప్రభుత్వం పడిపోతుందా అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, మీ బల్ల మీదికి ఏ ఆదేశం వస్తుందో అంచనా వేయండి. వచ్చే ఏడాది లోపు ఫలానా ప్రాంతంలో మూడు రోజులకు మించిన నిలిపివేత ఉంటుందా? లైసెన్సు రుసుము లేదా పన్ను డిమాండ్ వెనుకటి తేదీ నుంచి వస్తుందా? డివిడెండును డాలర్లలో బయటికి పంపనిస్తారా? వాటా అమ్ముకోవడానికి నియంత్రణ సంస్థ ఆమోదం ఆరు నెలల్లో వస్తుందా? ఇలాంటి వాటికి చట్టం చదివి, గత ఆదేశాలు చదివి, క్యాలెండరు చూసి జవాబు చెప్పవచ్చు. క్యాలెండరు అని ఊరికే అనలేదు. ఉగాండాలో 2021 జనవరి 14న ఎన్నికలైతే, ముందు రోజు సాయంత్రమే ఇంటర్నెట్ ఆగిపోయింది. 2016 ఎన్నికల రోజునే అక్కడ సామాజిక మాధ్యమాలను ఆపారు కాబట్టి, 2021లో జరిగినది చూసి ఆశ్చర్యపోవాల్సిన ఆపరేటరు ఎవరూ ఉండకూడదు. ఇరాక్, సిరియా వంటి చోట్ల విద్యార్థుల పరీక్షల రోజుల్లో గంటల లెక్కన ఇంటర్నెట్ ఆపుతారు, ఆ కాలపట్టిక ముందే తెలుస్తుంది.

లేగోస్‌వాసి

పై జవాబు ఆపరేటర్ల కోణం నుంచి చాలా బాగుంది. నేను నైజీరియాలో టవర్ల నిర్వహణలోనే ఉన్నాను కాబట్టి మూసీతీరం గారి సంస్థకు దగ్గరగా ఉండే సంగతులు చెబుతాను.

మొదట ఒక తేడా గమనించండి. ఇంటర్నెట్ ఆపినా ఆపరేటరు మీకు టవరు అద్దె కట్టాల్సిందే. నిలిపివేత వల్ల మీకు వెంటనే నష్టం రాదు. మీకు నష్టం వచ్చేది ఆపరేటరు కట్టలేని స్థితికి చేరినప్పుడు, డీజిల్ దొరకనప్పుడు, సైటు దగ్గరికి మనిషి వెళ్లలేనప్పుడు. పట్టికలోని ఒకే రంగు ఆపరేటరుకూ టవర్ల సంస్థకూ వర్తిస్తుందనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది.

డబ్బు సంగతి చూద్దాం. ఇక్కడ టవర్ల అద్దె ఒప్పందాల్లో గణనీయమైన భాగం డాలరుతో ముడిపడి ఉంటుంది. 2023 జూన్‌లో కొత్త అధ్యక్షుడు వచ్చిన రెండు వారాలకే కేంద్ర బ్యాంకు ఇక్కడి కరెన్సీ అయిన నైరా విలువను మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 460, 470 నైరాల దగ్గర ఉన్న అధికారిక రేటు కొద్ది రోజుల్లోనే 750 దాటింది, తర్వాతి ఏడాది 1500 పైకి పోయింది. ఆపరేటర్లు చందాదారుల నుంచి వసూలు చేసేది నైరాల్లో, ధరలు పెంచాలంటే నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఎంటీఎన్ నైజీరియా 2023 సంవత్సరానికి నష్టం చూపించింది. ఎయిర్‌టెల్ ఆఫ్రికా కూడా 2024 మార్చితో ముగిసిన ఏడాదికి నష్టాల్లోకి జారింది. అద్దె ఒప్పందాలను తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఇథియోపియాలో 2024 జులైలో అక్కడి కరెన్సీ బిర్ విషయంలోనూ ఇదే జరిగింది. దీనిని చాలామంది ఆర్థిక విభాగానికి వదిలేస్తారు. నేను మాత్రం దీనిని రాజకీయ ముప్పుగానే లెక్కిస్తాను, ఎందుకంటే కృత్రిమంగా పట్టి ఉంచిన రేటును ఎప్పుడు వదలాలన్నది రాజకీయ నిర్ణయం. అధికారిక రేటుకూ బయటి మార్కెట్ రేటుకూ మధ్య దూరం నెలల తరబడి పెరుగుతూ పోతుంటే, ఎన్నికలు ముగిశాక ఏం జరుగుతుందో ఊహించడానికి జోస్యం అక్కరలేదు.

భద్రత విషయానికి వస్తే, 2012 సెప్టెంబరులో ఈశాన్య నైజీరియాలో బోకో హరామ్ అనే తీవ్రవాద సంస్థ వరుసగా టెలికాం టవర్ల మీద బాంబు దాడులు చేసింది. ఆపరేటర్లు భద్రతా దళాలకు సహకరిస్తున్నారన్నది వారు చెప్పిన కారణం. 2013 మేలో అత్యవసర పరిస్థితి విధించాక అదే ప్రాంతంలో సైన్యమే మొబైల్ సేవలను నెలల పాటు ఆపించింది. 2015 అక్టోబరులో నియంత్రణ సంస్థ ఎంటీఎన్ మీద, వివరాలు సరిగా నమోదు చేయని 52 లక్షల సిమ్ కార్డులను తొలగించనందుకు, సిమ్‌కు 2 లక్షల నైరాల చొప్పున 1.04 లక్షల కోట్ల నైరాల జరిమానా వేసింది. ఆనాటి లెక్కలో 520 కోట్ల డాలర్లు. తీవ్రవాదులు నమోదు కాని సిమ్‌లు వాడుతున్నారన్నది ప్రభుత్వ వాదన. ప్రభుత్వానికి సహకరిస్తున్నారని ఒకరు టవరు పేలుస్తారు, సరిగా సహకరించలేదని ఇంకొకరు జరిమానా వేస్తారు. అఫ్గానిస్థాన్‌లో 2008లో తాలిబన్లు రాత్రిళ్లు టవర్లు ఆపకపోతే కూల్చేస్తామన్నదీ, దండకారణ్యంలో మావోయిస్టులు సెల్ టవర్లు తగలబెట్టినదీ ఈ కారణంతోనే. పోలీసులకు కబురు చేరే దారి అది. తగవు నడుస్తున్న నేల మీద టవరు ఎన్నడూ తటస్థంగా ఉండదు.

ఆ జరిమానా ఊడిపడిందని చాలామంది అన్నారు. సిమ్ నమోదు నిబంధనలు 2011 నుంచే ఉన్నాయి, తప్పిన ప్రతి సిమ్‌కు ఎంత జరిమానా అన్నది వాటిలోనే ఉంది. 2015 మేలో భద్రతనే ప్రధాన హామీగా చెప్పుకున్న ప్రభుత్వం గద్దెనెక్కింది. పాత నిబంధన ఒకటి, దానిని ఇంతకాలం అమలు చేయకపోవడం ఒకటి, అమలు చేయాలన్న కొత్త పట్టుదల ఒకటి. ఏ దేశంలోనైనా ముందు వెతకాల్సింది అమలు కాకుండా పడి ఉన్న నిబంధనలనే. చివరికి 2016 జూన్‌లో 33,000 కోట్ల నైరాలకు రాజీ కుదిరింది. అంతలో ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదులుకున్నారు. 2018లో కేంద్ర బ్యాంకు 810 కోట్ల డాలర్లు వెనక్కి తెమ్మని ఇంకో డిమాండ్ పెట్టి, నాలుగు నెలల్లో 5.3 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఇక్కడ మొదటి అంకె బేరానికి ఆరంభం మాత్రమే. అందుకే నా అంచనాల్లో డిమాండ్ వచ్చే అవకాశాన్నీ, చివరికి కట్టాల్సి వచ్చే మొత్తాన్నీ వేరువేరుగా రాస్తాను.

ఇక మీ దగ్గరే ఉండి మీరు చూడని సమాచారం ఒకటి ఉంది. మా సైట్లలో ప్రతి డీజిల్ ట్యాంకుకూ ఒక పుస్తకం ఉంటుంది. ఎన్ని లీటర్లు పోశారు, జనరేటరు ఎన్ని గంటలు నడిచింది, ట్యాంకరు ఏ దారిన ఏ వేళకు వచ్చింది, వాచ్‌మన్ ఎవరు అన్నవి అందులో రాస్తారు. మా సైట్లు ఉన్న ఒక ప్రాంతంలో ట్యాంకర్లు మధ్యాహ్నం రెండు దాటాక రావడం మానేశాయి, తర్వాత కొన్ని సైట్లలో స్థానికులైన వాచ్‌మన్లు ఒక్కొక్కరే పని మానేసి వెళ్లారు, ఇంకొన్ని చోట్ల రాత్రి కాపలాకు ఊరివాళ్లెవరూ ఒప్పుకోలేదు. దారి దోపిడీల వార్తలు పత్రికల్లోకి ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి. ఆ మనుషులకు తెలిసినది మనకు తెలియడానికి వారిని అడిగితే చాలు. దయచేసి ఒక మాట గుర్తుపెట్టుకోండి, ప్రమాదంలో ముందుండేది వాళ్లే. సమాచారం కోసమని వారిని అపాయంలోకి నెట్టే ఏ ఏర్పాటూ చేయకండి. పుస్తకంలో సహజంగా నమోదయ్యే దానిని చదవండి, అంతే.

సందేహి

ఇద్దరూ చెప్పిన ఉదాహరణలు విలువైనవే. అయితే జరిగిపోయిన తర్వాత వెనక్కి చూసినప్పుడు ప్రతి సూచనా స్పష్టంగానే కనిపిస్తుంది. అమలు కాని నిబంధనలు ప్రతి దేశంలోనూ వందల కొద్దీ ఉంటాయి, వాటిలో ఏది మేల్కొంటుందో ముందు చెప్పగలిగినవారు ఎవరు? ఇక 35 శాతం, 60 శాతం అంటూ అంకెలు వేయడం నాకు నచ్చదు. మయన్మార్‌లో తిరుగుబాటు ఒకేసారి జరిగింది. అది జరిగాక, 35 అన్నవారూ సరే, 60 అన్నవారూ సరే, తామే సరిగ్గా చెప్పామనవచ్చు. తేల్చలేని అంకెను బోర్డు ముందు పెట్టడం కంటే, జరగగల మూడు నాలుగు పరిస్థితులను కథలాగా వివరించి, ప్రతి దానికీ సంస్థ సిద్ధంగా ఉందో లేదో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

గణాంకం

సందేహి గారి అభ్యంతరంలో సగం నిజం ఉంది. ఒక్క అంకెను ఒక్క సంఘటనతో తేల్చలేం. వంద అంకెలను వంద సంఘటనలతో తేల్చవచ్చు. వాతావరణ అంచనాల కోసం 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించిన కొలత ఇందుకే ఉంది. మీరు 0.7 అన్నది జరిగితే తేడా 0.3, దాని వర్గం 0.09. జరగకపోతే తేడా 0.7, దాని వర్గం 0.49. అన్ని ప్రశ్నలకూ ఇలా వర్గాలు తీసి సగటు కట్టాలి, సగటు ఎంత తక్కువైతే అంచనా అంత మంచిది. ప్రతి దానికీ సగం సగం అని చెప్పేవారికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మీ విభాగం సగటు అంతకంటే తగ్గకపోతే, ఎంత అందమైన నివేదిక రాసినా అందులో సరుకు లేదన్నట్టే.

దీనికి రెండు షరతులు ఉన్నాయి. ప్రశ్నకు తేదీ ఉండాలి, జరిగిందో లేదో ఎవరు చూసినా ఒకే జవాబు చెప్పేలా ఉండాలి. ‘ఉద్రిక్తతలు పెరుగుతాయి’ అన్న వాక్యానికి ఎవరూ మార్కులు వేయలేరు. ‘డిసెంబరు 31లోపు ఫలానా జిల్లాలో 72 గంటలకు మించి మొబైల్ డేటా ఆగుతుంది’ అన్నదానికి వేయగలరు. సింగపూర్ ప్రవాసి గారు అడిగిన ప్రశ్నలన్నీ ఈ కోవలోవే. తిరుగుబాట్ల వంటివి అరుదు కాబట్టి వాటి మీద మీ నైపుణ్యం ఎప్పటికీ తేలదు. ఆదేశాలు, డిమాండ్లు, ఆమోదాల జాప్యాలు ప్రతి నెలా జరుగుతుంటాయి కాబట్టి ఏడాదిలోనే తేలుతుంది.

ఎంత ముందుకు చూడగలం అన్నదానికి నా అనుభవం చెబుతాను. ఇలాంటి ఖచ్చితమైన ప్రశ్నలకు ఏడాది దాటితే, ఆ దేశంలో అవి సగటున ఎంత తరచుగా జరుగుతాయో ఆ అంకెను మించి చెప్పగలిగింది చాలా తక్కువ. మూడేళ్ల నివేదిక అడిగితే మొదటి ఏడాదికి ప్రశ్నలవారీగా అంకెలు ఇవ్వండి, మిగిలిన రెండేళ్లకు సందేహి గారు చెప్పినట్టు పరిస్థితుల వివరణ రాయండి. ఆ రెండింటికీ వైరం లేదు.

మూసీతీరం

అందరికీ కృతజ్ఞతలు. డీజిల్ పుస్తకాల సంగతి మా సంస్థలో ఎవరికీ తట్టలేదు, ఈ వారమే అడిగి తెప్పిస్తాను. ఇంకొక సందేహం మిగిలింది. ఆదేశాలను అంచనా వేశాం అనుకుందాం. దక్షిణాసియా ఒప్పందం విషయంలో మా యాజమాన్యం, పరిస్థితి విషమిస్తే అప్పుడు వాటా అమ్ముకుని వచ్చేస్తాం అంటోంది. ఆ మాట ఎంతవరకు నమ్మదగినది?

సింగపూర్ ప్రవాసి

ఆ మాటను అసలు నమ్మకండి. మలేసియాకు చెందిన ఆక్సియాటా 2016లో నేపాల్‌లోని ఎన్‌సెల్‌లో 80 శాతం వాటాను స్వీడన్ సంస్థ టెలియాసోనెరా నుంచి 136.5 కోట్ల డాలర్లకు కొన్నది. అమ్మినవారు కట్టాల్సిన మూలధన లాభం పన్ను మీద వివాదం మొదలైంది. 2019లో నేపాల్ సుప్రీంకోర్టు ఆ భారాన్ని ఎన్‌సెల్, ఆక్సియాటాల మీద పెట్టింది. అమ్మినవారు అప్పటికే దేశం వదిలి వెళ్లారు కాబట్టి, చేతికి చిక్కినవారి మీద పడిందన్నమాట. దాని మీద ఇంకో చిక్కు. ఎన్‌సెల్ లైసెన్సు 2029లో ముగుస్తుంది. విదేశీ వాటా సగానికి మించిన సంస్థల ఆస్తులు లైసెన్సు గడువు తీరాక ప్రభుత్వపరం అవుతాయని అక్కడి టెలికాం చట్టం చెబుతోంది. గడువు దగ్గరపడేకొద్దీ కొనేవాడు ఇవ్వజూపే ధర పడిపోవడం ఖాయం. 2023 డిసెంబరులో ఆక్సియాటా తన వాటాను 5 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. 136.5 కోట్లు పెట్టినచోట 5 కోట్లు. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి కాబట్టి మొత్తం పోయిందనలేం కానీ, నిష్క్రమణ ధర ఎలా కరిగిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. ఇక్కడ తిరుగుబాటు లేదు, యుద్ధం లేదు. చట్టంలోని ఒక నిబంధన, ఒక కోర్టు తీర్పు, లైసెన్సు మీది ఒక తేదీ, ఇంతే.

సిరియాలో ఎంటీఎన్ పరిస్థితి ఇంకా కష్టమైంది. తన వాటా అమ్ముకోవడానికి ప్రయత్నిస్తుండగానే 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆ సంస్థను న్యాయసంరక్షణలో పెట్టి, దాని స్థానిక మైనారిటీ వాటాదారునే సంరక్షకుడిగా నియమించింది. ఆగస్టులో ఎంటీఎన్ వ్యాపారాన్ని వదిలేసి వచ్చింది. విషమించాక అమ్మాలంటే కొనేవారు ఎవరో నిర్ణయించేది మీరు కాదు, అక్కడి అధికారం. అందుకే నిష్క్రమణను కూడా ఒక అంచనా ప్రశ్నగా రాయండి, అమ్మకానికి ఎవరి ఆమోదం కావాలో, గతంలో ఎవరెవరు ఎన్ని నెలల్లో ఆమోదం పొందారో చూడండి. ఏ సంకేతం కనిపిస్తే కొత్త పెట్టుబడి ఆపాలో, ఏది కనిపిస్తే అమ్మకం మొదలుపెట్టాలో సంతకం చేసే రోజునే బోర్డు చేత రాయించుకోండి. ఆ సంకేతాలు పరిస్థితి బాగా ఉన్నప్పుడే కనిపించేవై ఉండాలి. టెలినార్‌కు అలాంటి సంకేతం 2019 జూన్‌లో కనిపించింది, ఆనాడైతే కొనేవారు దొరికి ఉండవచ్చు.

వాటాదారులు ఎవరన్నది కూడా చూడండి. ఉక్రెయిన్‌లో కీవ్‌స్టార్ అనే మొబైల్ ఆపరేటరు యుద్ధకాలంలో దేశానికి ఎంత అక్కరకు వచ్చినా, మాతృసంస్థ వియాన్‌లో పరోక్షంగా రష్యా కుబేరుల వాటా ఉన్న కారణంగా 2023 అక్టోబరులో అక్కడి కోర్టు దాని వాటాలను స్తంభింపజేసింది. ఆ డిసెంబరు 12న అదే సంస్థ మీద రష్యా హ్యాకర్లు దాడి చేసి దాదాపు 2 కోట్ల 40 లక్షల మందికి సేవలు ఆపేశారు. అంతకు నెలల ముందు నుంచే వారు లోపల తిష్ట వేశారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ తర్వాత చెప్పింది. మీ ఒప్పందంలో అవతలి ఆపరేటరు వాటాదారుల జాబితాను చివరి మనిషి దాకా అడిగి తీసుకోండి.

కోనసీమవాసి

నేను ఒక ఆపరేటరు దగ్గర ప్రభుత్వ ఆదేశాలు అందుకునే విభాగంలో పనిచేశాను. పెద్ద విషయాలు పైవారు చెప్పారు, ఒక్క చిన్న సంగతి కలుపుతాను.

మన దేశంలో నిలిపివేతకు 2017లో వచ్చి, 2024లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం శాఖ కార్యదర్శి ఆదేశం ఇవ్వాల్సి ఉండేది, సమీక్షా సంఘం అయిదు పనిదినాల్లో దానిని పరిశీలించాల్సి ఉండేది. ఇలాంటి ఆదేశాలను ప్రచురించాల్సిందేనని కశ్మీర్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో జిల్లా పేరు మార్పు గొడవల్లో అమలాపురం, చుట్టుపక్కల ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు చేరారు. అంటే నిలిపివేత హద్దు కాగితం మీద ఒకటి, గాలిలో ఇంకొకటి. ఏ టవరు సంకేతం ఎంతవరకు పాకుతుందో ఆ టవరును చూసే ఇంజనీరుకే తెలుస్తుంది. ఆదేశంలో మండలాల పేర్లు ఉంటాయి, దానిని సెల్ సైట్ల జాబితాగా మార్చాల్సింది మన మనిషి. అది కూడా రాత్రివేళ, ఫోన్ల మీద ఫోన్లు వస్తుండగా.

అందుకని మూసీతీరం గారూ, మీ నివేదికలో ఆ రెండు దేశాలకూ ఒక పేజీ ప్రత్యేకంగా కేటాయించండి. ఆదేశం ఇవ్వగల అధికారి ఎవరు, లిఖితపూర్వకంగా ఇవ్వాలా లేక నోటిమాట చాలునా, గడువు రాయాలా, సమీక్ష ఉందా, ప్రచురించాలా, కాదంటే శిక్ష సంస్థకా లేక సంతకం పెట్టిన స్థానిక ఉద్యోగికా అన్నవి అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు ఉద్యోగికే అని వస్తే, ఆ ఉద్యోగికి న్యాయసహాయం ఎవరిస్తారో, అతని కుటుంబాన్ని అవసరమైతే ఎక్కడికి తరలిస్తారో ఒప్పందం మీద సంతకానికి ముందే తేల్చమని మీ యాజమాన్యాన్ని అడగండి. స్థానిక నియామకాల పత్రాల్లో ఆ షరతు ఉందో లేదో మీ మానవ వనరుల విభాగం దగ్గర ఒక పూటలో తెలిసిపోతుంది.